సూర్యప్రభ షోకి సరైన మాట

ఇంటింటికీ ఓ ఆడియో షో వచ్చేశాక, రాజమండ్రిలో సూర్యప్రభకు తోడికోడలు హైమను తలుచుకుంటేనే ఒళ్లు మండిపోయేది. హైమ తన షోని ‘కబుర్లు’ అంది. ఆ ఒక్క మాటకే వీధి వీధంతా కూరలు తరుక్కుంటూ ఆవిణ్నే వింటోంది. సూర్యప్రభ తన షోని ‘పాడ్‌కాస్ట్’ అంటే, తాతమ్మల నాటి మాట అని పిల్లలు నవ్వారు. ‘ప్రసంగాలు’ అని మారిస్తే ఒక్కరూ చెవి పెట్టలేదు. పైగా ఆవిడ ఏ ముచ్చట ఎత్తుకున్నా, చివరికి అది హైమ చీర దగ్గరికో, హైమ పులిహోర దగ్గరికో పోయేది.

ఓ పొద్దున కత్తిపీట ముందు నుంచి లేచి షోలు వినిపిస్తూ, అడిగినదానికి బదులిచ్చే వంటింటి మాటలపెట్టెను నిలదీసింది.

“ఏడాదిగా గొంతు చించుకుంటున్నాను. నా షోని ఏమనాలో నువ్వే చెప్పవే! ఆ హైమ మాట కంటే గొప్పగా ఉండాలి.”

“మీ ఎపిసోడ్లన్నీ మళ్లీ విన్నానండి. సరిపోయే మాట ఒక్కటే ఉంది. పెట్టేయమంటారా?”

“ఇంకా అడుగుతావేంటి? పెట్టెయ్!”

సాయంత్రానికి వీధంతా తన గొంతే. సూర్యప్రభ మురిసిపోతూ బాల్కనీలోకి వచ్చింది. పక్కింటి పెట్టె గట్టిగా చెబుతోంది:

“మీరు వింటున్నది హైమగారి జీవితచరిత్ర. చెబుతున్నది వారి తోడికోడలు.”