చెప్పులు లోపల

"చెప్పులు లోపల పెట్టండి. గుమ్మం బయట ఒక్క జత కూడా కనపడకూడదు."

పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి, చెప్పులు గోడవారగా పెట్టి కూర్చున్నారు. టీచరమ్మ కిటికీలు మూసింది. తలుపు గడియ పెట్టి, సరిగా పడిందో లేదో మళ్లీ లాగి చూసింది. మూలనున్న కుళాయి తిప్పింది. బకెట్లో నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆ చప్పుడులో మాట బయటికి పోదు.

"ఇప్పుడు తీయండి."

టిఫిన్ డబ్బాల కిందనుంచి పుస్తకాలు పైకి వచ్చాయి.

ఇంటి భాషలో అక్షరాలు దిద్దించడం నేరమని తెలిసే ఆమె తండ్రి పిల్లలకు దిద్దించాడు. గుమ్మం ముందు పోగుపడ్డ చెప్పులు చూసి పోలీసులు కనిపెట్టారు. ఆయన్ని వట్టి కాళ్లతోనే తీసుకుపోయారు. మళ్లీ రాలేదు. గుమ్మంలో మిగిలిన ఆ జత ఆమెకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

నల్లబల్ల మీద చిన్న అక్షరాలతో 'వాన' అని రాసింది. పిల్లలు చూశారో లేదో, తడిగుడ్డతో తుడిచేసింది.

"టీచర్, వినపడట్లేదు," అంది వెనకనుంచి ఒక పిల్ల. అందరూ దాన్ని వసపిట్ట అంటారు.

"నా పెదాలు చూడవే."

"చూస్తుంటే నవ్వొస్తోంది టీచర్."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ష్! నా కొంప ముంచుతారా?"

అప్పుడే వినిపించాయి బూట్లు. నడవలో దగ్గరవుతూ వచ్చి, తలుపు ముందు ఆగాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు పుస్తకాల మీద కూర్చున్నారు. అదీ ఆమె నేర్పిందే.

తలుపు దబదబ మోగింది.

"ఎవరూ లేరు!"

అన్నాక గాని ఆమెకు తెలియలేదు, ఆ మాట పైకే అనేశానని.

"తలుపు తీయండమ్మా."

గదికి రెండో దారి లేదు. వసపిట్ట వచ్చి ఆమె చెంగు పట్టుకుంది. ఆమె వంగి, ముందు తన చెప్పులు తొడుక్కుంది. వట్టి కాళ్లతో మాత్రం పోకూడదనుకుంది. గడియ తీసింది.

ఖాకీ బట్టల మనిషి లోపలికి తొంగిచూశాడు. కుళాయి వంక చూశాడు. ఆమె కాళ్ల వంక చూశాడు.

"ఆ చట్టం నా చిన్నప్పుడే ఎత్తేశారు కదా టీచరమ్మా, ఇప్పుడిది పరీక్షకు పెట్టిన సబ్జెక్టు, పక్క క్లాసు లెక్కల సారులాగా కాస్త గట్టిగా చెప్పమన్నారు హెడ్మాస్టరుగారు!"