ఫారంలో ఆఖరి గడి

సిడ్నీ శివార్లలో మా పేట పోలీసులకు సర్కారు గ్రాంటు రావాలంటే, వాళ్లు వివక్ష చూపడం లేదని జనం చెప్పాలట. ఫారం పట్టుకుని కానిస్టేబుల్ భానుశ్రీ మా పక్కింటి శ్రీపతి గారి దగ్గరికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"వివక్ష ఏమైనా చూశారా అంకుల్?"

"చూడకేం! నా ఒంటి రంగు చూసి కారు రెండుసార్లు ఆపారు. పుట్టుక చూసి మనిషికి విలువ కడతారా? అవునని రాసెయ్!"

"రాస్తే గ్రాంటు పోతుంది అంకుల్. దాంతోపాటే నా జాబ్ కూడా."

"పోనీ! న్యాయం న్యాయమే. ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?"

చెప్పింది.

శ్రీపతి గారు లోపలికెళ్లి నాకు స్టీలు గ్లాసులో, ఆమెకు పేపరు కప్పులో కాఫీ తెచ్చారు. పదేళ్లుగా అక్కడ కాఫీ తాగుతున్నాను, ఆ ఇంట్లో పేపరు కప్పులున్నాయని నాకు తెలియనే తెలియదు.

భానుశ్రీ పెన్ను తీసింది.

"అవుననే రాస్తున్నా అంకుల్. ఎక్కడ జరిగింది అన్న గడిలో మీ అడ్రస్ వేస్తున్నా."