రెండో నక్షత్రం

“అమ్మటానికి రాలేదండి బాబాయిగారూ” అంది లక్ష్మీదుర్గ, రూపాయి బిళ్ళని గాజు బల్ల మీద పెడుతూ.

సీతారామాంజనేయులు పెదవి విరిచి నవ్వాడు. తెనాలిలో పాతికేళ్ళ నుంచీ స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న మనిషి. బేరం తెలియనట్టు మాట్లాడేవాళ్ళే చివరికి చర్మం వలుస్తారని ఆయన లెక్క.

“అలాగన్నవాళ్ళే అందరికన్నా ఎక్కువ చెబుతారమ్మాయ్. ఏ ఊరు మీది?”

“అత్తగారిది వేమూరండి. నేను చెప్పేది కాస్త...”

“ఉండు. చెప్పాల్సింది నువ్వు కాదు, బిళ్ళ.”

భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. సంవత్సరం అంకెల కింద హైదరాబాద్ మింటు వాళ్ళ నక్షత్రం గుర్తు. దాని వెనక, వెంట్రుక వాసి పక్కకి జరిగి, ఇంకో నక్షత్రం మొనలు! అచ్చులో గుర్తు ఒకసారి వంకరగా పడితే దాని మీదే మళ్ళీ కొడతారు. అప్పుడు పాతది పూర్తిగా చావక కొత్తదాని వెనక నుంచి తొంగి చూస్తుంటుంది.

ఆంజనేయులు భూతద్దం తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఆ ఏటి రూపాయిలో జంట నక్షత్రం చుట్టుపక్కల జిల్లాల్లో ఒక్కటే ఉంది. పన్నెండేళ్ళ కిందట రేపల్లెలో గడియారాలు బాగుచేసే ఒకాయన దగ్గర కొని తెచ్చుకున్నాడు. ఇప్పుడది ఆయన ఇనప్పెట్టెలో, వెల్వెట్ డబ్బాలో ఉంది. నాణేలు పోగేసే పిచ్చి ఉన్నవాళ్ళు గుంటూరు నుంచీ ఒంగోలు నుంచీ వచ్చి, చెప్పులు బయట విడిచి మరీ చూసి వెళతారు. కొట్టు పేరు ఎవరికీ గుర్తుండదు. ‘జంట నక్షత్రం ఆంజనేయులుగారు’ అంటేనే ఊళ్ళో ఆయన. రెండోది బయటికొస్తే ఆ పేరుకి ఇంకో వాటాదారు తయారవుతాడు.

“ఎక్కడిదిది?”

“మా నాన్నదండి. పోయిన నెల కాలం చేశారు. పోయేముందు నన్ను పిలిచి...”

“అదుగో, వచ్చాడు చచ్చిపోయిన నాన్న! దొంగ బిళ్ళ తెచ్చే ప్రతివాళ్ళకీ ఒక నాన్న చచ్చిపోయి ఉంటాడమ్మా. మొన్న సంగం జాగర్లమూడి నుంచి ఒకాయన ఏకంగా తాతనే చంపుకొచ్చాడు.”

అవతల బిందె తూకం వేస్తున్న ఆయన భార్య మాణిక్యాంబ ఉండబట్టలేక, “ఏవండీ, ఆ పిల్లని నోరు తెరవనివ్వరా?” అంది.

“నీ తూకం నువ్వు చూసుకోవే.”

ఆయన బల్ల కింద నుంచి పేర్లు కొట్టే మిషన్ బయటికి తీశాడు. గిన్నెల మీదా కంచాల మీదా పెళ్ళికూతురి పేరూ పుట్టింటివాళ్ళ పేరూ చెక్కే మిషన్. సూది మొన దడదడలాడుతూ స్టీలునైనా గీరి పారేస్తుంది. ప్లగ్గు గుచ్చాడు.

లక్ష్మీదుర్గ కంగారుపడింది. “దాంతో ఏంటండి?”

“ఏం, భయమేస్తోందా? టంకం పెట్టి అతికించిన నక్షత్రమైతే సూది తగలగానే ఊడి కూర్చుంటుంది. అసలుదైతే కదలదు. జాగర్లమూడి తాతగారి గుట్టు దీంతోనే బయటపడింది.”

“మరి మీ దగ్గరున్నదాన్నీ ఇలాగే చూశారాండి?”

ఆంజనేయులు చెయ్యి ఆగింది. “నా దగ్గరుందని నీకెవరు చెప్పారు?”

“మా నాన్నే చెప్పారండి.”

“అదీ సంగతి! నా బిళ్ళ చూసే దీన్ని తయారుచేశాడన్నమాట మీ నాన్న. నాది సూది గుచ్చి చూడాల్సిన బిళ్ళ కాదమ్మా. దాన్ని గౌరవంగా చూస్తాం.”

“అయ్యో, అది కాదండీ, ఆయన...”

మిషన్ మొదలైంది. ఆ రొదలో ఆమె అన్నదేదీ ఆయన చెవిన పడలేదు. పడాలని ఆయనా కోరుకోలేదు.

సూది తగిలింది. వెనక నక్షత్రం ఊడలేదు. ఇంకాస్త నొక్కాడు. ఊడలేదు. ఊడకపోయేకొద్దీ ఆయనకి కసి పెరిగింది. అతుకు ఎక్కడో లోపలుంటుందనుకుని మొన అడ్డంగా తిప్పి గీరాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టబోతే మోచేత్తో నెట్టాడు.

మిషన్ ఆపేసరికి బల్ల మీద చిటికెడు వెండిరంగు పొడి ఉంది. బిళ్ళ మీద ముందు నక్షత్రమూ లేదు, వెనక నక్షత్రమూ లేదు. కోడి గీరినట్టు ఒక గుంట మిగిలింది.

భూతద్దం పెట్టి ఎంత వెతికినా టంకం జాడ కనపడలేదు. అంతా ఒకటే లోహం.

“అసలుదేనమ్మా, పాపం” అన్నాడు ఆంజనేయులు. గొంతులోకి జాలి తెచ్చుకున్నాడు గానీ, లోపలెక్కడో చల్లగా ఉంది. మళ్ళీ ఇక ఒక్కటే. “పొరపాటు జరిగిపోయింది. ఏం చేస్తాం? నువ్వూ గట్టిగా చెప్పుండాల్సింది. ఒక మంచి బిందె పట్టుకెళ్ళు, నీ పేరు కూడా కొట్టిస్తాను.”

లక్ష్మీదుర్గ బిళ్ళని వేలితో ఆయన వైపుకే జరిపింది.

“నాకేం ఇవ్వక్కర్లేదండి, ఇది మీదే. మా నాన్న రేపల్లె గడియారాల రాఘవయ్య. అసలుదాని మీద మమకారం చావక, పన్నెండేళ్ళ కిందట మీకు టంకం పెట్టి అతికించిన బిళ్ళ అంటగట్టారట. దాన్ని వెనక్కి తీసుకుని, అసలుదైన ఇది మీ చేతిలో పెట్టి క్షమించమని అడగమ్మా అని నా చేత ఒట్టేయించుకుని పోయారండి.”