నిండు పడవ

"బస్తా దించొద్దమ్మాయ్!"

సరంగమ్మ మరిది భుజాన గోధుమ బస్తాతో అలాగే ఆగిపోయాడు.

గట్టు మీద ముసలాయన. పోయినసారి కూడా వచ్చి ఇదే పాట పాడాడు.

సరంగమ్మకి ఒళ్ళు మండింది. మొగుడు పోయాక పడవ ఆమే నడుపుతోంది. పడవ నడిపే సరంగు కాబట్టి కాలవ మీద అందరూ ఆమెని పిలిచే పేరు అదే.

ఆమె పని పీకల మీదికి వచ్చింది. సాయంత్రం పిండిమిల్లు గేటు మూసేలోగా సరుకంతా చేరాలి. చేరకపోతే ఇక నుంచి లారీలు పెట్టుకుంటామని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

వరసగా నిలబెడితే వీధి పట్టనన్ని లారీల సరుకుని ఆమె ఒక్క చిన్న ఇంజనుతో లాక్కొస్తుంది. ఏం లాభం? ఈ నీటి వంతెన దగ్గరే పూటంతా హరించుకుపోతుంది.

కింద నది, పైన వంతెన, ఆ వంతెన మీద కాలవ. పడవలు నదిని పైనుంచి దాటతాయి. వెనకెప్పుడో వంతెన గోడ బీటలు వారింది. అప్పట్నుంచీ పడవలవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. సగం బస్తాలు ఇవతల దించుతారు, తోపుడు బండి మీద అవతలికి తోస్తారు, మళ్ళీ ఎక్కిస్తారు.

"వంతెన కూలితే నువ్వొచ్చి నిలబెడతావా పెద్దాయనా?"

"కూలదు. పడవ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా వంతెనకి ఒకటే."

"వదినా, ఈయనకి ఎండదెబ్బ తగిలింది," అన్నాడు మరిది.

"మీ పడవలో కాటా ఉందిగా! దాని మీద నీళ్ళు నిండా పోసిన బకెట్టు పెట్టి, అందులో ఒక చెక్కముక్క వెయ్యండి. ముల్లు పెరిగితే నా నోరు మూసుకుంటా."

ఆయన్ని వదిలించుకోవడానికే సరంగమ్మ బకెట్టు పెట్టింది. చెక్క పడగానే నీళ్ళు పొర్లి కిందికి కారిపోయాయి. ముల్లు కాస్త ఊగి, మళ్ళీ పాత చోటికే వచ్చి నిలిచింది.

"చూశావా? చెక్క బరువెంతో అంత బరువు నీళ్ళు తప్పుకున్నాయి. కాలవ కూడా నీ పడవకి అలాగే తప్పుకుంటుంది."

సరంగమ్మ బుర్ర ఒప్పుకుంది. కాళ్ళు ఒప్పుకోలేదు.

"మరి ఆ బీట మాటేంటి? ఎవడో దురాశపోతు పట్టనంత సరుకేసుకొచ్చి వంతెన చీల్చాడట. వాడి పాపం మేం మోస్తున్నాం. మా అత్తగారు బతికినన్నాళ్ళూ వాణ్ణి తిట్టని పూట లేదు."

"మీ అత్తగారు ఊరికే నోరు నొప్పి పుట్టించుకుంది," అన్నాడు ముసలాయన. "వరదకి స్తంభం కింద ఇసుక కోసుకుపోయింది. స్తంభం కుంగింది, గోడ బీటేసింది. తర్వాత రాళ్ళు పోసి గట్టి చేశారు. మీ బస్తాలు దించడం మాత్రం ఆగలేదు."

"నీకెలా తెలుసు?"

"పొద్దు పోతోందమ్మాయ్. నేను వంతెన కింద నిలబడతా. నువ్వు నిండు పడవ నడుపు."

వద్దన్నా వినలేదు. మెట్లు దిగి, వంతెన నీడలో ఇసుక తిన్నె మీదికి వెళ్ళి నిలబడ్డాడు.

"వదినా, ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచిస్తూ కూర్చుంటే లారీలొచ్చేస్తాయి. ఇంజను వెయ్!"

సరంగమ్మ చుక్కాని పట్టింది. వంతెన మధ్యకి రాగానే కిందికి చూడకూడదనుకుంటూనే చూసింది. ముసలాయన తల పైకెత్తి నిలబడే ఉన్నాడు. అడుగు పక్కకి వెయ్యలేదు.

రాయి కదల్లేదు. పెచ్చు రాలలేదు. పడవ అవతలి గట్టు చేరింది.

మిల్లు గేటు తెరిచే ఉంది. చివరి బస్తా దిగేదాకా చూసిన మేనేజరు మళ్ళీ లారీల మాట ఎత్తలేదు.

మర్నాడు తిరుగు దారిలో ఆమెకి ఎదురుగా పడవలు నిండు సరుకుతో వంతెన దాటుతున్నాయి. కబురు అప్పుడే కాలవంతా పాకింది. సరంగమ్మ గట్టు మీద దిగి ముసలాయన కోసం వెతికింది. కాళ్ళకి దండం పెట్టాలని ఉంది ఆమెకి.

వంతెన కాపలాదారు గదిలోంచి బయటికొచ్చాడు.

"ఆయన పొద్దున్నే బస్సెక్కేశాడమ్మా. ఇంక రాడట."

"అయ్యో! పేరు కూడా అడగలేదు. ఇంజనీరుగారా?"

"కాదమ్మా. మా నాన్న కాపలా ఉన్న రోజుల్లో, బీట పడ్డప్పుడు వంతెన మీదున్న పడవ ఆయనదే. మీవాళ్ళంతా కలిసి కాలవ మీంచి తరిమేసిన ఆ దురాశపోతు ఆయనే."