వణకని చెయ్యి

“షుగరు సూది పొడుచుకుని తిండి మానేస్తే ఎవరికండీ నష్టం?” దర్జీ భార్య కంచాన్ని కుట్టుమిషను పక్కన ఠప్పున పెట్టింది.

“నీ చేతి తిండి నాకొద్దు. పో!” అన్నాడు దర్జీ, కుట్టు ఆపకుండా.

“మీ ఇష్టం. షుగరు పడిపోయి చేతులు వణికితే మీరే కాళ్లబేరానికొస్తారు.”

గుమ్మంలో చేతులు కట్టుకుని కూర్చుంది. ఎప్పుడు అలిగినా అంతే, వణుకు మొదలవగానే కంచం లాక్కునేవాడు. ఈసారి గంట దాటినా ఆ చెయ్యి వణకలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“ఎంత పంతమండీ మీకు!”

విసురుగా లేచి వెళ్లి చూసింది. కాలరు తీసుకెళ్లి జేబుకు కుట్టేస్తున్నాడు మొగుడు. ఫ్యాను కిందే ఒంటిమీది బనీను చెమటకు తడిసి ముద్దయింది.

కొత్త బీపీ బిళ్ల రాస్తూ డాక్టరు అన్న మాట అప్పుడు తట్టింది. “దీంతో షుగరు పడిపోయినా వణుకూ గుండెదడా తెలియకపోవచ్చు. చెమట పడుతుందేమో చూసుకోండి.”

పరుగున పంచదార నీళ్లు తెచ్చింది.

“తాగండి! నన్ను సాధించడానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?”

గ్లాసు అతని పళ్లకు తగిలి టకటకలాడింది. నాలుగు గుక్కలు మింగాక గొణిగాడు. “చేతులు... వణుకుతున్నాయే.”

“అవి నావి. మాట్లాడకుండా తాగండి!”