కిటికీ పక్క సీటు

కొత్త ఇంటికి వచ్చి సగం సామాను ఇంకా విప్పనే లేదు, అత్తగారు మాత్రం తన సంచి సర్దేసుకుంది.

సర్దుకుని, గేటు బయట రాతి మీద కూర్చుని, సైకిలు మీద పోతున్న ఒక పెద్దాయన్ని ఆపింది.

"బస్సెప్పుడు బాబూ?"

ఆ దారిలో బస్సు ఏనాడూ రాలేదు. రెండు పక్కలా పొలాలు, నడుమ మట్టిరోడ్డు, దాని పక్కన ఈ ఒక్క ఇల్లు. పాలకేంద్రంలో ఉద్యోగమని కొడుకు ఇక్కడ దించాడు గానీ, లేకపోతే ఇటు కాకి కూడా తొంగిచూడదు.

ఎవరితో మాట్లాడుతోందో ఏమోనని వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది.

పెద్దాయన సైకిలు దిగాడు. భుజాన తోలుసంచి, చెవి మీద పెన్సిలు. అత్తగారి సంచి చూశాడు, ఆవిడ మొహం చూశాడు.

"ఇవాళ బండి నిండిపోయిందమ్మా. నిలబడ్డానికి కూడా చోటు లేదు. రేపు రండి, మీకు సీటు ఉంచుతాను."

"కిటికీ పక్కన," అంది అత్తగారు.

"కిటికీ పక్కనే."

అంతే. ఆవిడ బుద్ధిగా సంచి తీసుకుని లోపలికొచ్చి కంచం ముందు కూర్చుంది. కొత్త ఇంట్లో కడుపునిండా తిన్నది ఆ పూటే.

పాపం, ఆవిడ తొందర ఆవిడది. పట్నంలో పాత ఇంటి గుమ్మం ముందు మామగారు తాళంచెవి లేక నిలబడి ఉంటారని బెంగ. ఆయన పోయి ఏళ్లయింది. కోడలు ఒకసారి ఉండబట్టలేక ఆ మాట చెప్పేసింది. అత్తగారు అప్పుడే కబురు విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. తెల్లారి లేచి మళ్లీ తాళంచెవి వెతికింది. ఆ తర్వాత కోడలు ఆయన ఊసెత్తలేదు.

మర్నాడు సాయంత్రం పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒకరోజు టైరు పంక్చరు, ఒకరోజు డ్రైవరుకి జ్వరం, ఇంకోరోజు పెళ్లివాళ్లు బండి మొత్తం మాట్లాడేసుకున్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయనవి టిక్కెట్టు చింపి చేతిలో పెట్టినట్టుండేవి.

కండక్టరు మంచివాడేనే, బండ్లే చాలడం లేదని అత్తగారు తిరిగి కోడలికే సర్దిచెప్పేది. ఆయన వచ్చే వేళకి తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని తయారుగా ఉండేది.

మొదట్లో కోడలికి నవ్వొచ్చేది. ఎవరో రిటైరైన కండక్టరు, ఆయనకీ మతి తప్పినట్టుంది, ఇద్దరికిద్దరూ సరిపోయారు అనుకుంది. రానురాను ఒళ్లు మండింది. అత్తగారు సంచి విప్పితేగా. అలమరలో ఆవిడ కోసం ఖాళీ చేసిన అర అలాగే ఉంది. ఆవిడకిష్టమని నీలంరంగు కర్టెను కుట్టి తగిలిస్తే తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఈయన రోజూ రేపు, రేపు అంటుంటే ఇది తన ఇల్లని ఆవిడకెప్పుడు తెలిసేను?

కోడలికి కావలసింది అదొక్కటే. అత్తయ్య ఇక్కడ, తన కళ్లముందు, కుదురుగా ఉండాలి. తల్లి లేని పిల్లగా ఇంట అడుగుపెట్టిన తనని కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి.

రోడ్డు మలుపులో కాపుకాసి ఆయన్ని ఆపింది.

"రేపటినుంచి రాకండి పెద్దాయనా. ఈ దారిలో బస్సు లేదని ఆవిడకి తెలియాలి. మీ కాలక్షేపానికి మా అత్తయ్యే దొరికిందా?"

ఆయన సైకిలెక్కి కొంచెం దూరం పోయి, కాలు నేలకి ఆన్చి వెనక్కి తిరిగాడు.

"ఆవిణ్ణి గేటు దాటనివ్వకమ్మా," అన్నాడు.

చెప్పొచ్చాడు పెద్ద, అనుకుంది కోడలు.

మర్నాడు ఆయన రాలేదు. అత్తగారు చీకటి పడేదాకా రాతి మీంచి లేవలేదు. బతిమాలి లోపలికి తెచ్చేసరికి కోడలికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ మరుసటి రోజు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మెల్లగా చెప్పింది. ఈ దారిలో బస్సు లేదత్తయ్యా, ఇదే మన ఇల్లు అంది.

అత్తగారు శ్రద్ధగా విన్నది. ఏడవలేదు. "అలాగా," అంది.

కోడలికి ప్రాణం లేచొచ్చింది. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికెళ్లింది.

తిరిగొచ్చేసరికి రాతి మీద ఎవరూ లేరు. సంచీ లేదు.

బస్సు లేకపోతే కాళ్లు లేవా అనుకుంది కాబోలు ఆ మహాతల్లి.

కోడలు చెప్పుల్లేకుండా పరుగెత్తింది. పొలాల్లోకి దిగి పిలిచింది. కాలువ గట్టున వంగి నీళ్లలోకి చూసింది, ఏమీ కనపడనందుకు దండం పెట్టుకుంది. మొగుడికి ఫోన్ చేస్తే ఏడుపే వచ్చింది. పొద్దు వాలిపోతోంది.

మలుపు తిరిగేసరికి ఎదురుగా ఇద్దరూ వస్తున్నారు. పెద్దాయన ఒక చేత్తో సైకిలు నడిపిస్తున్నాడు. రెండో చెయ్యి అత్తగారు పట్టుకుంది.

"బండి ఊరవతల ఆగదటే, మన గేటు దగ్గరే ఆగుతుందట," అంది అత్తగారు. "ఆ మాట నువ్వు ముందే చెప్పొచ్చుగా."

కోడలు ఆవిణ్ణి వాటేసుకుని భోరుమంది. ఇంటికి తెచ్చి, కాళ్లు కడిగి, పాలు తాగించి, మళ్లీ బయటికొచ్చింది. పెద్దాయన తోలుసంచిలోంచి సుత్తి తీసి, వదులైన గేటు గడియ బిగిస్తున్నాడు.

"మీరు కండక్టరు కాదా?" అంది.

"వడ్రంగినమ్మా. బస్సు నేనెక్కిందే తక్కువ."

మరి ఆ మాటలన్నీ ఎందుకని అడిగింది. ఆయన చివరి మేకు కొట్టి, గడియ రెండుసార్లు వేసి తీసి చూశాడు.

"మా ఆవిడా ఇలాగే సంచి పట్టుకుని కూర్చునేది," అన్నాడు. "ఈ దారిలో బస్సు లేదే అని నేను ఉన్నమాటే చెప్పాను. సరేనని తలూపింది. నేను నా పనిలో పడిపోయాను."

సైకిలు స్టాండు తీశాడు.

"అప్పట్నించీ సాయంత్రమైతే ఈ దారంట వెతుక్కుంటూ తిరుగుతూనే ఉన్నానమ్మా."