పోశం సీసాలు

ఆరో నెల కూడా పోశం ఖాళీ సీసా తేలేదు.

"యాది మర్షిన బిడ్డా," అన్నాడు ఎప్పటిలాగే. నాలుక తిరగక, ఆ మూడు మాటలకే ఆయాసపడ్డాడు.

రెజీనాకు ఒళ్లు మండింది. పాత సీసా వాపసు ఇస్తేనే కొత్త కషాయం ఇవ్వాలి. కానీ కమాన్‌పూర్ నుంచి మేనల్లుడు అంజి ఆటోలో పడుతూ లేస్తూ వచ్చిన రోగిని వట్టి చేతులతో ఎలా పంపుతుంది? కొత్త సీసా ఇచ్చి, చేతి పట్టు కొలిచే మిషన్ ముందుకు జరిపింది.

పట్టు పోయిన నెలకంటే తగ్గింది. మాట, మింగడం, నడక, ఊపిరి అన్నీ కలిపి నలభై ఎనిమిదికి ముప్పై ఒకటి మార్కులు.

"ఏమన్న నయమనిపిస్తుందా కాకా?"

"లేదు. ఉన్నదున్నట్టు రాయి."

నరాలు చచ్చుబడి కండ కరిగిపోయే జబ్బు అది. మోటార్ న్యూరాన్ జబ్బంటారు. గోదావరిఖనిలో ఆయుర్వేదం దవాఖాన నడిపే డాక్టర్ వేణుమాధవ్‌కు తన కషాయంతో ఆ జబ్బు కాస్తయినా నెమ్మదిస్తుందని ఆశ. ఆశ చాలదు, కొలిచి చూపించమన్నారు హైదరాబాద్ పరిశోధన కమిటీ పెద్దలు. ఏడాదిపాటు నెలనెలా కొలిచే పని నర్సు రెజీనా నెత్తిన పడింది.

కమిటీ ఒక్కటే షరతు పెట్టింది. కషాయం తాగేవాళ్లతో పాటు తాగనివాళ్లనూ కొలవాలి. లేకపోతే ఆ లెక్కలు చెల్లవు.

తాగనివాళ్లను ఎక్కడినుంచి తెస్తారు? డాక్టరు రోగులందర్నీ కూర్చోబెట్టి బతిమాలాడు. ఒక్క చెయ్యి లేవలేదు. మందు ఎదురుగా ఉంటే తాగకుండా ఉత్తపుణ్యానికి కొలిపించుకోవడానికి మాకేమన్నా పిచ్చా అన్నారు. ప్రాణం ఎవరికి తీపి కాదు? చేసేది లేక పదకొండు మందికీ కషాయమే రాశారు. సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మందు తాగుతూ దాంతో నయం కాలేదనకూడదని ఆ రోగుల్లో ఒక నమ్మకం. అంటే మందు అలుగుతుందట, ఆ మాత్రం గుణం కూడా చూపదట. కాబట్టి గ్లాసు ఎత్తలేని మనిషి కూడా "మస్తు నయం మేడం" అంటాడు. మిషన్ ఒకటి చెప్తుంది, మనిషి ఇంకొకటి చెప్తాడు. ఏది రాయాలో తెలియక రెజీనాకు తల ప్రాణం తోకకొచ్చేది.

పోశం ఒక్కడే నిజం చెప్పేవాడు. బొగ్గుబాయిలో సర్దార్‌గా పనిచేసి, షిఫ్టు షిఫ్టుకూ గాలినీ పైకప్పునూ చూసి రిపోర్టు రాసిన మనిషి. అన్నం తింటుంటే నెలలో ఎన్నిసార్లు పొలమారిందో లెక్కపెట్టుకొని మరీ వచ్చేవాడు. ఆ సీసాల దగ్గరే తిక్క తెప్పించేవాడు.

ఎనిమిదో నెలకు పోశం మాట పూర్తిగా పోయింది. సీసా మాత్రం రాలేదు. ఇక ఉండబట్టలేక రెజీనా కమాన్‌పూర్ వెళ్లింది.

భార్య కనకవ్వ నాట్లకు పోయింది. ఇంట్లో పోశం ఒక్కడే ఉన్నాడు. గోడ అరలో ఎనిమిది సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ మూత తియ్యలేదు.

"ఏంది కాకా ఇది? ఒక్క గుక్క గూడ తాగలేదా?"

పోశం ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి గురగుర తప్ప ఏమీ రాలేదు. పెన్ను ఇమ్మని సైగ చేశాడు. ఇస్తే, అది వేళ్ల మధ్య నిలవలేదు.

"తాగవని ముందే చెప్తే ఇంకొకలకన్న ఇస్తుంటిమి గద. ఎనిమిది నెలల సంది రాసిందంత బూడిదల పోసినట్టాయె."

దవాఖానకు వచ్చి పోశం పేరు కొట్టేసింది. ఆయన కొలతల కాగితాలన్నీ చింపి చెత్తబుట్టలో వేసింది. డాక్టరుకు పోశం మానేశాడని మాత్రం చెప్పింది. డాక్టరూ మరీ తరచి అడగలేదు.

తొమ్మిదో నెల మళ్లీ వచ్చాడు. బల్ల మీద కూర్చుని మిషన్ కోసం చెయ్యి చాపాడు.

"ఇగ కొలిచేది లేదు. తోలుకపో అంజీ," అంది రెజీనా.

చాపిన చెయ్యి అలాగే ఉంచి కాసేపు కూర్చున్నాడు. పదో నెలా వచ్చాడు. చూడనట్టే లోపలికి పోయింది. ఆ తర్వాత రాలేదు.

ఏడాది నిండాక హైదరాబాద్ నుంచి ఉత్తరం వచ్చింది. మందు తాగనివాళ్ల కొలత ఒక్కటీ లేదు కాబట్టి పరిశోధన ఆపేస్తున్నామన్నారు. అలాంటి మనిషి ఒక్కరున్నా ఇంకో ఏడాది గడువు ఇచ్చేవాళ్లమని కింద రాశారు. డాక్టరు ఉత్తరం టేబుల్ మీద పడేసి ఇంటికి పోయాడు. అంత చాకిరీ చేసి చేతికొచ్చింది సున్నా. రెజీనాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నమే కనకవ్వ సంచీ మోసుకొని వచ్చింది. పోశం పోయి ఇరవై రోజులైందని చెప్పింది. సంచీలోంచి ఎనిమిది సీసాలూ తీసి బల్ల మీద పెట్టింది. మందును నేలపాలు చెయ్యొద్దని మాట ఉన్నప్పుడే చెప్పాడట, ఇంకెవరికైనా అక్కరకొస్తుందని తెచ్చిందట.

చనిపోయిన మనిషి మీద కోపమేమిటని తనను తానే తిట్టుకుంటూ అడిగింది రెజీనా.

"ఎందుకు తాగలేదవ్వా?"

కనకవ్వ వింతగా చూసింది. కొలుచుడు అయిపోయిందని అంజి చెప్తే, మీ పని పూర్తయిందనే అనుకున్నానంది. ఆయన ఇన్నాళ్లూ నోరు విప్పనివ్వలేదు, ఇప్పుడు చెప్తే ఏమవుతుందని చెప్పింది.

"సారు అందరిని అడిగిన దినమే ఇంటికొచ్చి అన్నడు బిడ్డా. అంజికి తెలిస్తే బలవంతంగ తాపిస్తడు, ఎవలకు చెప్పకన్నడు. కొత్త ఎరువు సల్లినప్పుడు ఎట్లుంటదో చూద్దామని ఒక్క మడి సల్లకుండ ఇడిచిపెడ్తం గద, గా మడి నేనుంట అన్నడు."